పాత గ్రంథాలయానికి పాత పనే

మా ఇందిరాపురంలో కాసేపు కూర్చోవాలన్నా ఖర్చే. మాల్‌లో కాఫీ కొంటే కుర్చీ దొరుకుతుంది. సొసైటీ క్లబ్‌హౌస్‌లో సోఫాలుంటాయి, అవి ఫ్లాటు ఉన్నవాళ్లకే. స్వర్ణజయంతి పార్కులో బెంచీలు అందరివీ. కానీ మే నెల వడగాడ్పులో, నవంబరు పొగలో, జనవరి మంచులో అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చోగలిగేదెవరు? హిండన్ నదికీ ఢిల్లీ సరిహద్దుకూ మధ్య, ఒకప్పుడు పొలాలున్న చోట లేచిన ఊరిది. బడులొచ్చాయి, గుళ్లొచ్చాయి, ఆసుపత్రులొచ్చాయి, పక్కనే వైశాలికి మెట్రో వచ్చింది. ఎవరు నువ్వని అడగకుండా, డబ్బు పుచ్చుకోకుండా లోపలికి రానిచ్చే చదువుల గది మాత్రం నా కంటికి కనబడలేదు.

ఆ లోటు కనిపెట్టిన వ్యాపారులు బేస్‌మెంట్లలో, దుకాణాల పై అంతస్తుల్లో లైబ్రరీ అని బోర్డులు పెట్టారు. లోపల ప్లైవుడ్ అడ్డుగోడలు, మనిషికో కుర్చీ, చిన్న దీపం, ఫోను ఛార్జింగుకు ప్లగ్గు, సామాను పెట్టుకోవడానికి లాకరు. పుస్తకాలుండవు. ఎవరి పుస్తకం వాళ్లే తెచ్చుకోవాలి, నెలకింతని కుర్చీకి అద్దె కట్టాలి. బ్యాంకు పరీక్షలకూ, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకూ, నీట్‌కూ చదివే పిల్లలతో అవి పొద్దున్నుంచి రాత్రి దాకా నిండి ఉంటాయి. ఇటావా నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి, గదిలో చదువుకోలేవా బాబూ అని అడిగాను. ‘‘గదిలో నలుగురం ఉంటాం అంకుల్. ఒకడు వండుతుంటాడు, ఒకడు పడుకుంటాడు, ఇంకొకడు ఫోన్లో పాఠాలు వింటాడు. ఇక్కడైతే ఎవరూ మాట్లాడరు’’ అన్నాడు.

ఆ పిల్లవాడికి కావలసింది బల్ల, వెలుతురు, చుట్టూ చదువుకునే మనుషులు. మన పాత గ్రంథాలయాలు కట్టించిందే అందుకు. ఊళ్ల నడిబొడ్డున, ఎత్తైన కప్పులతో, పెద్ద కిటికీలతో అవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటిని బాగుచేసి ఈ కాలానికి పనికొచ్చేలా చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు. గ్రంథాలయం బాగుపడిందా లేదా అన్నది అతణ్ణి అడిగి తేల్చాల్సిన సంగతి.

వైశాలిలో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో ఎల్లో లైన్‌కు మారితే చాందినీ చౌక్. పాత ఢిల్లీ రైల్వే స్టేషనుకు దగ్గర్లో హర్‌దయాల్ మున్సిపల్ హెరిటేజ్ పబ్లిక్ లైబ్రరీ ఉంది. 1862లో లారెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు దొరలు చదువుకోవడానికి మొదలైన సంగ్రహం అది. దాని కథ వింటే ఒక్క భవనంలో ఇంత చరిత్ర ఎలా పట్టిందా అనిపిస్తుంది. 1912 డిసెంబరు 23న వైస్రాయ్ హార్డింజ్ కొత్త రాజధానిలోకి ఏనుగు మీద ఊరేగుతూ వస్తుంటే ఇదే చాందినీ చౌక్‌లో ఆయన మీద బాంబు పడింది. ఆయన గాయాలతో బయటపడ్డాడు. ఆ కేసులో 1915లో నలుగురిని ఉరితీశారు. మరుసటి ఏడు, 1916లో, హార్డింజ్ పేరుతో ఈ గ్రంథాలయ భవనం తెరుచుకుంది. దేశం స్వతంత్రమయ్యాక, 1970లో, ఆ పేరు తీసేసి లాలా హర్‌దయాల్ పేరు పెట్టారు. హర్‌దయాల్ ఈ ఢిల్లీలోనే పుట్టినవాడు. ఆక్స్‌ఫర్డ్ చదువునూ స్కాలర్‌షిప్పునూ వదులుకుని, అమెరికా వెళ్లి గదర్ పార్టీకి ఊపిరి పోసినవాడు. హార్డింజ్ మీద పడ్డ బాంబును మెచ్చుకుంటూ అక్కడి నుంచి కరపత్రం రాసినవాడు కూడా ఆయనే.

ఆ గదర్ పార్టీలో మన తెలుగువాడూ ఒకడున్నాడు. కనిగిరి ప్రాంతం నుంచి చదువు కోసం అమెరికా వెళ్లి, ఉద్యమంలో చేరి, ఏళ్లపాటు జైల్లో మగ్గిన దరిశి చెంచయ్య గారు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ చదివినవాళ్లకు ఈ భవనం పరాయిదిగా అనిపించదు. లోపల పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు ముద్రణలు మొదలుకొని పారశీక, ఉర్దూ, సంస్కృత, హిందీ గ్రంథాల దాకా లక్షకు పైగా సంపుటాలున్నాయి. చెక్క బీరువాలు, పత్రికలు చదివే బల్లలు, పాత కాగితం వాసన. ఏ కమిటీ ఏ ప్రణాళిక వేసినా మొదట ఈ గదిలో ఒక పూట కూర్చోవాలని నాకు అనిపిస్తుంది.

భవనం మరమ్మతు మాటకొస్తే, ఏం చేయాలో తెలిసిన ఇంజనీర్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. సున్నంతో కట్టిన పాత గోడకు పైన సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గోడ లోలోపల నానుతుంది, ఆనుకుని ఉన్న బీరువాలో పుస్తకం బూజు పడుతుంది. అందుకే సున్నపు గోడకు సున్నమే పూయాలి. పుస్తకాల బరువు మరో సంగతి. ఇంటి గది నేల మోయాల్సిన బరువుకు కనీసం మూడింతలు మోయగలిగేలా పుస్తకాల గది నేలను లెక్కగట్టమని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. పాత మిద్దె మీద ఇనుప ర్యాకులు వరసగా నింపేముందు ఆ లెక్క చూసుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి కాగితం కలప గుజ్జుతో తయారవడం మొదలైంది. ఆ కాగితంలోని ఆమ్లం దాన్నే తినేస్తుంది. నూట పాతికేళ్ల పత్రిక పట్టుకుంటే అంచులు పొడిగా రాలేది అందుకే. వాటికంటే పాతవైన గుడ్డపీలికల కాగితపు పుస్తకాలు మాత్రం ఇంకా గట్టిగా ఉంటాయి. కాబట్టి ముందు స్కాన్ చేయాల్సింది మరీ పాత గ్రంథాల్ని కాదు, మన తాతల కాలపు దినపత్రికల్ని. వరస తప్పితే ఆ పత్రికలు మనకు మళ్లీ దొరకవు.

ఇవన్నీ డబ్బుతో, నైపుణ్యంతో అయ్యే పనులు. అసలు చిక్కు ఆ తర్వాతది. బాగుపడిన భవనంలో ఎవరు ఉండాలి?

కశ్మీరీ గేటు దగ్గర దారా షికో గ్రంథాలయ భవనం ఉంది. ఉపనిషత్తుల్ని పారశీకంలోకి తెచ్చిన ఆ మొగలు రాకుమారుడి పుస్తకాల ఇల్లది. తర్వాత బ్రిటిష్ రెసిడెంటు డేవిడ్ అక్టర్‌లోనీ నివాసమైంది, ఆ పైన కళాశాల అయింది, బడి అయింది. 2023లో చక్కగా బాగుచేసిన ఆ భవనంలో దేశవిభజన మ్యూజియం తెరిచారు. అది కావలసిన మ్యూజియమే. ఢిల్లీలో సగం కుటుంబాల కథ అందులో ఉంది. కానీ గ్రంథాలయంగా ఆ ఇల్లు ఎప్పుడో పోయింది. భవనం బతికి గ్రంథాలయం పోవడం సాధ్యమేనని చెప్పడానికే దాన్ని తలిచాను.

న్యూయార్క్‌లో మరో రకంగా జరగబోయింది. 42వ వీధిలో 1911 నాటి పబ్లిక్ లైబ్రరీ భవనంలో, పెద్ద పఠన మందిరం కింద ఏడు అంతస్తుల పుస్తకాల అరలున్నాయి. వాటిని తొలగించి, పుస్తకాలు వేరే చోటికి పంపి, ఆ జాగాలో జనం తిరిగే కొత్త గ్రంథాలయం కడతామన్నారు. పండితులు, రచయితలు, మామూలు పాఠకులు ఏళ్ల తరబడి పోట్లాడారు. 2014లో ఆ ప్రణాళిక వదిలేశారు. పుస్తకాలు బయటికి పోతేనే మనుషులకు చోటు దొరుకుతుందన్న ఆలోచనే తప్పని నా అభిప్రాయం. అందులో పుస్తకాన్నీ పాఠకుణ్ణీ వేరు చేయడం ఉంది. ఇటావా కుర్రాడి అద్దె కుర్చీ చుట్టూ ఒక్క పుస్తకమైనా లేకపోవడం నన్ను బాధిస్తుంది. అతను పరీక్ష పుస్తకం మూసి కాళ్లు సాగదీసుకోవడానికి లేచినప్పుడు, పక్క బీరువాలో ఏ ప్రేమ్‌చందో కంటపడే అవకాశం అతనికి లేదు. గ్రంథాలయంలో అయితే ఉంటుంది.

ఇప్పుడు అందరూ కమ్యూనిటీ స్పేస్ అంటున్నారు. పాత గ్రంథాలయంలో పిల్లలకు కథలు చెప్పాలి, పెద్దవాళ్లకు ఫోను వాడటం నేర్పాలి, సభలు జరగాలి, సంగీతం వినిపించాలి అంటున్నారు. ఇది పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త ఆలోచన అన్నట్టు మాట్లాడతారు. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మన గ్రంథాలయోద్యమం మొదలైంది ఇలాగే.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లంతా సభ చేశారు. చిలకమర్తి వారు అధ్యక్షులు. ఆ నాటి గ్రంథాలయాల్లో చదువు రానివాళ్లకు పత్రిక పైకి చదివి వినిపించేవారు. రాత్రి బడులు నడిపారు. పురాణ పఠనాలు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి, స్వరాజ్యం మాట ఊరి చెవిన పడింది అక్కడే. పుస్తకాలు పెట్టెల్లో సర్ది ఊరూరా పంపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టున ఊళ్లవాళ్లకు పుస్తకం నీళ్ల మీద వచ్చింది. పాఠకుడు రాలేకపోతే గ్రంథాలయమే వెళ్లాలన్న సంగతి కృష్ణా కాలువల మీద మనవాళ్లు చేసి చూపించారు.

నైజాం వైపు ఇది ఇంకా కష్టమైన పని. తెలుగులో బడి పెట్టడానికీ, సభ జరపడానికీ, గ్రంథాలయం తెరవడానికీ అడ్డంకులు ఎదురయ్యే రోజులు. ఆ హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు దాని వెనక నిలబడ్డారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలుగులో మాట్లాడితే చిన్నచూపు చూసిన రాజ్యంలో, తెలుగువాడు తలెత్తుకుని తన భాషలో కూర్చున్న మొదటి గదులవి. తెలంగాణలో తర్వాత వచ్చిన ఆంధ్రోద్యమానికి మనుషుల్ని తయారుచేసింది ఆ గదులే.

వేటపాలెం సారస్వత నికేతనం సంగతి కూడా చెప్పాలి. 1918లో నేతపనివారి ఊళ్లో యువకులు మొదలుపెట్టినది. గాంధీగారి చేతికర్ర అక్కడ ఉందని చాలామందికి తెలుసు. కానీ దాని అసలు సంపద పాత పత్రికల కట్టలు. ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకని సంచిక కోసం పరిశోధకులు రైలెక్కి ఆ చిన్న ఊరికి వెళతారు. వెళ్లినవాళ్లను ఆదరించి, కావలసిన కట్ట వెతికి తెచ్చి ముందు పెట్టే మనుషులు అక్కడ ఉన్నారు. రాజమండ్రి గౌతమి గ్రంథాలయం 1898లో వాసురాయ గ్రంథాలయంగా మొదలైంది. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో గంభీరంగా నిలబడ్డ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891 నాటి ఆసఫియా గ్రంథాలయమే. ఇన్నాళ్లూ ఇవి నిలిచింది గోడల బలం వల్ల మాత్రమే కాదు. ఊళ్లో ఎవరో ఒకరు ఇది మాది అనుకున్నారు, చందా వేశారు, బీరువా చేయించారు, సాయంత్రం వచ్చి కూర్చున్నారు.

ఢిల్లీకీ అలాంటి రోజులున్నాయి. 1951 అక్టోబరు 27న యునెస్కో తోడ్పాటుతో, పాత ఢిల్లీ స్టేషను ఎదుట, నెహ్రూ గారు ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని ప్రారంభించారు. అప్పుడు ఈ నగరం నిండా విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు. ఆ గ్రంథాలయం వాళ్లకు పుస్తకాలు ఉచితంగా ఇచ్చింది. చర్చా బృందాలు, నాటకాలు, సినిమా ప్రదర్శనలు, పిల్లల విభాగం, ఊరి చివరి బస్తీలకు పుస్తకాల వ్యాను, అన్నీ నడిపింది. మన ఉద్యమకారులు కాలువల మీద చేసిన పనే ఇక్కడ వ్యాన్ల మీద సాగింది.

ఆ గ్రంథాలయంతో తెలుగువాళ్లకు ఇంకో బంధం ఉంది. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతినీ ప్రచురణకర్త కొన్ని గ్రంథాలయాలకు పంపాలి. కలకత్తా జాతీయ గ్రంథాలయం, మద్రాసు కన్నెమరా, బొంబాయి కేంద్ర గ్రంథాలయంతో పాటు ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ కూడా ఆ జాబితాలో ఉంది. అంటే విజయవాడలో, హైదరాబాదులో అచ్చయ్యే కవితా సంపుటి ఒకటి ఈ రాజధానికి చేరాలని చట్టమే చెబుతోంది. ఎన్‌సీఆర్‌లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. మా సొసైటీలో ఉండే ఒంగోలు అమ్మాయి, ‘‘అన్నయ్య గారూ, మా వాడికి తెలుగు బాల సాహిత్యం ఎక్కడ దొరుకుతుంది?’’ అని అడిగింది. ఇంటి పక్క గ్రంథాలయం అన్న జవాబు నేను చెప్పగలిగి ఉండాల్సింది. ఆ జవాబు చెప్పగలిగే రోజు రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక డబ్బు సంగతి. తెలుగు రాష్ట్రాల్లో 1960 గ్రంథాలయ చట్టం పుణ్యాన ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడతారు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసిన ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సరిగా జమచేయక బకాయిలు పేరుకోవడం మన దగ్గర పాత జబ్బు. అయినా హక్కంటూ ఒకటి ఉంది, అడగడానికి చట్టం ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 2006లో గ్రంథాలయ చట్టం వచ్చింది, అందులో సెస్సు లేదు. కాబట్టి ఇందిరాపురంలో ఇంటి పన్ను కట్టే నేను, నా పన్నులో ఒక్క పైసా అయినా పుస్తకానికి పోతుందని చెప్పుకోలేను.

డబ్బు వచ్చినప్పుడు అది ముందు ఎక్కడికి పోతుందన్నది నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టే విషయం. హర్‌దయాల్ లైబ్రరీ సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదని ఢిల్లీ పత్రికల్లో చదివాం. తెలుగు రాష్ట్రాల్లో లైబ్రేరియన్ పోస్టులు ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్నాయి, ఒక్కో మనిషి రెండు మూడు శాఖలకు తాళాలు తీస్తున్నాడు. రాతి ముఖద్వారానికి దీపాలు పెట్టించడానికి నిధులు దొరుకుతాయి, శిలాఫలకం కూడా వస్తుంది. పుస్తకం అడిగితే ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పగలిగే మనిషికి జీతం దొరకదు. ఆ మనిషి లేని గ్రంథాలయం పూజారి వెళ్లిపోయిన గుడి లాంటిది. గోపురానికి ఎంత సున్నం కొట్టినా లోపల దీపం వెలగదు.

డబ్బు తక్కువైనా తలుపు తెరిచి ఉంచినవాళ్లు ఈ నగరంలోనే ఉన్నారు. ది కమ్యూనిటీ లైబ్రరీ ప్రాజెక్ట్ వాళ్లు ఢిల్లీ ఎన్‌సీఆర్ బస్తీల్లో రుసుము లేని గ్రంథాలయాలు నడుపుతున్నారు. ఇంటి పనులకు వెళ్లే తల్లుల పిల్లలు అక్కడ సభ్యులై, పుస్తకం ఇంటికి పట్టుకెళుతున్నారు. వాళ్ల దగ్గర వారసత్వ భవనాలు లేవు. హర్‌దయాల్ లాంటి భవనాలకు ఉన్నదీ, వీళ్లకు ఉన్నదీ ఒక్కచోట కలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

పాత గ్రంథాలయాన్ని బాగుచేసే పని ఎవరి చేతికి వచ్చినా నేను అడిగేది ఇదీ. ముందు ఖాళీ పోస్టులు నింపండి. ఇంట్లో, ఆఫీసులో పని ముగించుకుని వచ్చేవాడి కోసం రాత్రి తొమ్మిది దాకా, ఆదివారాలూ తలుపు తెరవండి. ఆడపిల్లలు వస్తారు, కాబట్టి శుభ్రమైన మరుగుదొడ్డి, గుమ్మం దాకా వెలుతురు ఉండాలి. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుదారి ఉండాలి. ఎండాకాలంలో చల్లటి తాగునీళ్లు ఉండాలి. పోటీ పరీక్షల పిల్లలకు ఒక హాలు ఇవ్వండి, వాళ్ల హాలుకూ కథల బీరువాలకూ మధ్య గోడ కట్టకండి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లను చిరునామా రుజువుల పేరుతో వెనక్కి పంపకండి. కంప్యూటర్లు పెట్టండి, పాత పత్రికల్ని స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో ఉంచండి. ఇవన్నీ అయ్యాక గోడలకు రంగు వేయండి.

తెలుగువాళ్లకు మరో మాట. మీరు హైదరాబాదులో ఉన్నా, వేటపాలెం దారిలో ఉన్నా, నాలాగా ఢిల్లీ అంచున ఉన్నా, మీకు దగ్గర్లోని ప్రజా గ్రంథాలయానికి ఈ నెలలో ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్లండి. సభ్యత్వం తీసుకోండి. రిజిస్టరులో సంతకం చేసి, తెలుగు పుస్తకం అడగండి, లేకపోతే తెప్పించమని కాగితం మీద రాసివ్వండి. ఆస్తి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఉంటే, అది ఎక్కడికి పోయిందో మీ కార్పొరేటరును అడగండి. సెస్సే లేని రాష్ట్రంలో ఉంటే, ఎందుకు లేదని మీ ఎమ్మెల్యేకు ఉత్తరం రాయండి. నా ఉత్తరం ఈ వారమే ఘజియాబాద్‌కు వెళుతోంది.